తల్లి పళ్లేనికీ బిడ్డ తూకానికీ మధ్య: కోతుల నుంచి తెలిసిన సంగతులు

ఉదయగిరి వైపో కనిగిరి వైపో ఒక ఇంట్లో ఆడపిల్లకు నెల తప్పిందని తెలిస్తే చాలు, రెండు రకాల సలహాలు మొదలవుతాయి. "ఇప్పుడు నువ్వు ఒక్కదానివి కాదు, ఇద్దరి తిండి తినాలి" అంటుంది మేనత్త. ఏడో నెల వచ్చేసరికి అమ్మమ్మ గొంతు సవరించుకుంటుంది: "మరీ అంత తినకు తల్లీ, బిడ్డ పెద్దదైతే కాన్పు కష్టం." చలిమిడి పెట్టిన రోజు మేనత్త మాట చెల్లుతుంది. మిగతా రోజుల్లో చాలా ఇళ్లలో అమ్మమ్మ మాటే నడుస్తుంది. ఇద్దరూ ఎదురెదురు మాటలు చెబుతున్నా, వారి నమ్మకం ఒక్కటే. తల్లి పళ్లెంలో పెరిగితే బిడ్డ పెరుగుతుంది, పళ్లెంలో తగ్గితే బిడ్డ తగ్గుతుంది.

మనిషిలో గానీ, మనిషికి దగ్గరి చుట్టాలైన కోతుల్లో గానీ వ్యవహారం ఇంత నేరుగా సాగదు. తల్లి శరీరం కొంత దాస్తుంది, కొంత తన ఒంట్లోంచి తీసి ఇస్తుంది, కొన్నిటిని మాత్రం తాను తినకపోతే ఇవ్వనే లేదు. ఈ సర్దుబాటు వల్ల బిడ్డ బరువు చాలాకాలం బాగానే కనిపిస్తుంది. బరువు బాగున్నంత మాత్రాన లోపల అంతా బాగున్నట్టు కాదు. అంగన్‌వాడీ కార్డు మీద 2.5 కిలోల గీత దాటిందని ఊపిరి పీల్చుకునే ప్రతి ఇంటికీ ఈ సంగతి తెలియాలి.

ఎలుక, ఆవు, కోతి

పోషకాహార పరిశోధన చాలాకాలం ఎలుకల మీదే నడిచింది. చవక, చిన్న బోను చాలు, మూడు వారాల్లో ఈనుతుంది. చిక్కంతా ఆ మూడు వారాల్లోనే ఉంది. పావుకిలో బరువుండే ఎలుక అంత తక్కువ కాలంలో పదింటి దాకా పిల్లల్ని పెడుతుంది. ఆ పిల్లలన్నీ కలిపి తల్లి బరువులో ఐదో వంతుకు అటూ ఇటూ ఉంటాయి. ఇంత వేగంగా ఇంత సరుకు తయారు చేసే తల్లికి తిండి తగ్గిస్తే దెబ్బ వెంటనే పిల్లల మీద పడుతుంది.

కోతుల తీరు వేరు. మన గుళ్ల దగ్గర, కొండల అంచుల్లో కనిపించే బోనెట్ కోతి, అంటే నెత్తి మీద జుట్టు టోపీలా పాయలు తీసుకుని ఉండేది, దాదాపు ఐదున్నర నెలలు మోసి ఒక్క పిల్లను కంటుంది. ఉత్తరాది రీసస్ కోతిదీ సుమారు అదే లెక్క. నిద్రలో, నడకలో, ఎదుగుదలలో అన్నిటా కలిపి చూస్తే ప్రైమేట్లు, అంటే కోతులు, వానరాలు, మనుషులు ఉన్న వర్గం, అదే బరువున్న ఇతర క్షీరదాలతో పోలిస్తే రోజుకు దాదాపు సగం శక్తినే ఖర్చు చేస్తాయని 2014లో తేలింది. నిదానంగా పెరగడం వీటి కుదురులోనే ఉంది.

పాలు చూసినా అదే కథ. తల్లిపాలలో మాంసకృత్తులు ఒక శాతం దగ్గర ఉంటాయి, ఆవుపాలలో మూడు శాతం పైన. దూడ నెలన్నర, రెండు నెలల్లో పుట్టిన బరువుకు రెట్టింపవుతుంది. మన బిడ్డకు ఐదు నెలలు పడుతుంది. చాలామంది ప్రైమేట్ తల్లులవి ఇలా పలచటి, తియ్యటి పాలే. రోజువారీ భారం తక్కువ, మోయాల్సిన రోజులు మాత్రం ఎక్కువ.

ఆవుల ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక పక్కమాట. ఒంగోలు పశువులు సముద్రం దాటి బ్రెజిల్ చేరినప్పుడు వాటికి నెలోర్ అనే పేరు స్థిరపడింది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడే దాకా ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోనే ఉండేది మరి. ఇప్పుడు బ్రెజిల్ శాస్త్రవేత్తలు చూడితో ఉన్న నెలోర్ ఆవులకు దాణా మార్చి, దూడ కండ ఎలా పడుతుందో ఏళ్ల తరబడి కొలుస్తున్నారు. చూడి ఆవుకు పెట్టిన దాణాలో దూడ భవిష్యత్తు ఉందని మన రైతుకు కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. అయితే మనిషి సంగతి తెలియాలంటే ఆవు కంటే కోతి దగ్గరికి వెళ్లడమే మేలు.

కంభం చెరువు లెక్క

పశ్చిమ ప్రకాశంలో వాన ఎప్పుడు పడుతుందో, ఎంత పడుతుందో చెప్పలేం. కంభం చెరువు కింద ఆయకట్టు రైతుకు మాత్రం ఆ ఎగుడుదిగుళ్లు నేరుగా తగలవు. చెరువు నిండి ఉంటే రెండు నెలలు వాన లేకపోయినా తూము కింద నీళ్లు వస్తూనే ఉంటాయి. ప్రైమేట్ తల్లి ఒళ్లు అలాంటి చెరువు. ఈ వారం తిన్నదాని కంటే, గడిచిన కొన్నేళ్లుగా తిన్నదాని సగటు బిడ్డకు ఎక్కువగా చేరుతుంది. ఎండిన చెరువులో ఒక్క జల్లు కురిస్తే మాత్రం ఆ తేడా వెంటనే కనిపిస్తుంది.

పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియాలో జరిగిన ఒక ప్రయోగం దీన్ని చక్కగా చూపింది. అక్కడి పల్లెల్లో జూన్ నుంచి అక్టోబరు వరకు ఆకలి రోజులు. పాత గింజలు అయిపోతాయి, కొత్త పంట చేతికి రాదు, పొలం పని మాత్రం నడుం విరిచేస్తుంది. గర్భిణులకు రెండో సగం నెలల్లో రోజూ వెయ్యి కేలరీల బిస్కట్లు ఇచ్చారు. వేరుశెనగ, బియ్యప్పిండి, చక్కెర, వేరుశెనగ నూనె కలిపి చేసినవి. మన ఇళ్లలోని సరుకులే. 1997లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆకలి రోజుల్లో బిడ్డల బరువు సగటున 201 గ్రాములు పెరిగింది. పంట చేతికొచ్చే రోజుల్లో అదే బిస్కట్లతో పెరిగింది 94 గ్రాములే. తిండి అంతే, తల్లి పరిస్థితి వేరు.

కాబట్టి మేనత్త మాట సగమే నిజం. గర్భిణికి అదనంగా రోజుకు 350 కేలరీలు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 నాటి లెక్క. ఒక గ్లాసు పాలు, ఒక గుడ్డు, గుప్పెడు వేరుశెనగపప్పు కలిస్తే అది సరిపోతుంది. రెండో మనిషి భోజనం అక్కర్లేదు. కానీ ఈ 350 అనేది అప్పటికే కడుపునిండా తింటున్న మనిషికి చెప్పిన లెక్క. పొద్దున్నుంచి వంగి కలుపు తీసి, బిందెలతో నీళ్లు మోసి, అందరూ తిన్నాక మిగిలింది తినే కోడలికి ఆ అదనం ముందు పాత లోటు పూడ్చడానికే పోతుంది. పుణె దగ్గరి పల్లెల్లో చేసిన పరిశీలనలో పొలం పని, ఇంటి పని ఎక్కువగా చేసిన గర్భిణుల బిడ్డలు చిన్నగా పుట్టారు. తిండి లెక్క రాసేటప్పుడు పని లెక్క పక్కన రాయకపోతే ఆ కాగితానికి విలువ లేదు.

సర్దుబాటుకు కట్టే మూల్యం

అమ్మమ్మ మాట విని కొంచెం తగ్గిస్తే ఏమవుతుంది? కరువు కాదు, కొంచెమే తగ్గింపు. మనుషుల్లో ఈ ప్రయోగం చేయకూడదు. టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియోలో ఉన్న సౌత్‌వెస్ట్ జాతీయ ప్రైమేట్ పరిశోధన కేంద్రంలో పీటర్ నథానియల్స్ బృందం బబూన్ కోతుల మీద చేసింది. బబూన్ గర్భం దాదాపు ఆరు నెలలు. గర్భం నిలిచిన నెల తర్వాత నుంచి కొన్ని తల్లులకు, ఇష్టం వచ్చినంత తినే తోటి తల్లుల కంటే 30 శాతం తక్కువ తిండి పెట్టారు. తిండి అదే, కొలతే తక్కువ. పల్లెటూరి గర్భిణి మూడు ముద్దలకు బదులు రెండు ముద్దలతో లేవడం లాంటిదే ఇది. చూసేవారికి ఆకలిగా కూడా కనిపించదు.

గర్భం సగం గడిచేసరికి పిండాలను పరిశీలించారు. బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. మెదడు బరువూ తగ్గలేదు. ఇక్కడితో ఆగి ఉంటే తల్లి అంతా సర్దుకుందని సంతోషించి వచ్చేవారు. సూక్ష్మదర్శిని కింద పెట్టాక అసలు సంగతి బయటపడింది. మూత్రపిండంలో నాళికల ఎదుగుదల వెనకబడింది, జన్యువులు పని చేసే తీరు మారింది. మెదడు ముందు భాగంలో కణాల విభజన, నరాల అల్లిక తేడాగా ఉన్నాయి. మూత్రపిండం గురించి ఒక్కమాట చెప్పుకోవాలి. మనిషిలో రక్తాన్ని వడపోసే నెఫ్రాన్ల తయారీ పుట్టుకకు కొన్ని వారాల ముందే ముగుస్తుంది. తర్వాత ఎంత నెయ్యి పోసి పెంచినా కొత్తవి రావు. తక్కువ నెఫ్రాన్లతో పుట్టిన బిడ్డ నలభై ఏళ్లకు రక్తపోటు మాత్ర మొదలుపెడితే, దాన్ని ఎవరూ అమ్మ కడుపులో ఉన్న రోజులతో ముడిపెట్టరు.

ఈ ప్రయోగంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాయ, అంటే కడుపులో బిడ్డను తల్లితో కలిపి ఉంచే అవయవం, చేసిన పని. మాయను మనం తల్లి రక్తం నుంచి బిడ్డకు సరుకు చేరవేసే గొట్టంలా ఊహిస్తాం. అది నిజానికి బేరమాడే మధ్యవర్తి. తల్లి రక్తంలో ఇన్సులిన్, లెప్టిన్ వంటి హార్మోన్లు ఎంత ఉన్నాయో అది పసిగడుతుంది. అవి తగ్గాయంటే తల్లికి గడ్డుకాలం వచ్చిందని అర్థం. అప్పుడు మాంసకృత్తుల ముక్కలైన అమైనో ఆమ్లాలను బిడ్డ వైపు తోసే వాహకాలను తగ్గించేస్తుంది. తిండి తగ్గిన బబూన్లలో బిడ్డ బరువు తగ్గడం మొదలు కాకముందే ఈ వాహకాలు తగ్గాయి. అంటే బిడ్డ చిన్నదవడం సరుకు లేక జరిగిన ప్రమాదం కాదు, ముందుచూపుతో తీసుకున్న నిర్ణయం. ఎన్నో ఏళ్లు బతికి, ఒక్కో కాన్పులో ఒక్కో పిల్లను కనే జంతువులో తల్లి ప్రాణం నిలవడం ముఖ్యం. ఈ కాన్పు కోసం తల్లి పూర్తిగా కరిగిపోతే వచ్చే కాన్పులు ఉండవు.

ఆ తల్లులకు పుట్టిన పిల్లలు కొంచెం తక్కువ బరువుతోనే పుట్టి, మామూలు తిండి తిని పెరిగారు. మనిషి వయసులో చెప్పాలంటే ఇరవైల్లో ఉన్న సమయానికి వాటి గుండెను ఎంఆర్ఐతో చూశారు. అది ముసలి బబూన్ల గుండెలా పనిచేస్తోంది.

మనుషుల్లో ఇలాంటి సాక్ష్యం యుద్ధం వల్ల దొరికింది. 1944-45 చలికాలంలో జర్మన్ సేనలు దిగ్బంధించిన పశ్చిమ నెదర్లాండ్స్‌లో రేషను రోజుకు వెయ్యి కేలరీల కిందికి పడిపోయింది. చివరి నెలల్లో ఆ కరువు తగిలిన గర్భిణుల బిడ్డలు సుమారు 300 గ్రాములు తక్కువ బరువుతో పుట్టారు. మొదటి నెలల్లో కరువు తగిలి, తర్వాత తిండి దొరికినవారి బిడ్డలు మామూలు బరువుతో పుట్టారు. యాభై ఏళ్ల తర్వాత లెక్క తీస్తే గుండె జబ్బు ఎక్కువగా వచ్చింది ఈ రెండో గుంపుకే. తూకం వేసినవారెవరికీ ఆ రోజు అనుమానం రాని బిడ్డలు వీరు.

గుడి మెట్ల మీద అరటిపండు

లేమి గురించే మాట్లాడితే సగం కథే అవుతుంది. పెంచలకోన గుడి దగ్గర కోతులను కాసేపు చూడండి. పొట్టకు పిల్లను కరిపించుకున్న తల్లి కొబ్బరి చెక్క, అరటిపండు, పులిహోర, ఎవరో విసిరిన బిస్కట్లు అన్నీ బుగ్గల సంచుల్లో కుక్కుకుని పక్కకు వెళ్లి తీరిగ్గా నములుతుంది. వెలిగొండల లోపల అదే జాతి తల్లి మేడిపండ్లు, లేత చిగుళ్లు, పురుగుల కోసం పొద్దంతా తిరగాలి. ఈ రెండు తల్లుల పిల్లలు ఒకేలా పెరుగుతారా?

బోనెట్ కోతుల్లో కాకపోయినా, దీనికి జవాబు కెన్యాలోని అంబోసెలిలో దొరికింది. అక్కడ బబూన్లను 1971 నుంచి వంశవృక్షాలతో సహా గమనిస్తున్నారు. ఒక గుంపు పర్యాటక వసతి గృహం చెత్తకుప్పకు అలవాటు పడింది. ఆ గుంపు ఆడబబూన్ల ఒంట్లో కొవ్వు సగటున 23 శాతం ఉంటే, అడవి తిండి తినేవాటిలో 2 శాతమే. కుప్ప దగ్గర పిల్లలు వేగంగా పెరిగి, త్వరగా ఈడుకొచ్చాయి. రక్తంలో ఇన్సులిన్ కూడా పెరిగింది. అయితే ఇందులో తల్లి తిండి వాటా ఎంత, పిల్ల తానే తిన్న తిండి వాటా ఎంత అన్నది విడదీయలేం. రెండూ ఒకే కుప్ప.

ఆ ముడి విప్పింది అమెరికాలోని ఓరెగన్ ప్రైమేట్ కేంద్రంలో జపాన్ కోతులతో చేసిన పని. కొన్ని తల్లులకు కేలరీల్లో మూడో వంతు దాకా కొవ్వు నుంచి వచ్చే తిండి పెట్టారు. అది అమెరికాలో సగటు మనిషి తినే తిండికి దగ్గరే, అసాధారణమేమీ కాదు. గర్భం చివరి దశలోకి వచ్చాక చూస్తే పిండాల కాలేయంలో కొవ్వు మూడింతలు పేరుకుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ తిండి తిన్న తల్లులన్నీ లావెక్కలేదు. సన్నగా ఉండిపోయిన తల్లుల పిల్లల్లోనూ కాలేయానికి అదే గతి పట్టింది. అంటే తల్లి నడుము కొలత చూసి ధైర్యపడటానికి లేదు, పళ్లెం వైపు చూడాల్సిందే. ఊరట కూడా ఆ ప్రయోగంలోనే ఉంది. అవే తల్లులకు మరుసటి కాన్పులో తక్కువ కొవ్వు తిండి పెడితే, వాటి బరువు తగ్గకపోయినా పిండాల కాలేయం చాలావరకు కుదుటపడింది.

బాలింత పత్యం మీద నా అభ్యంతరం

కాన్పుతో తల్లి ఖర్చు తగ్గుతుందని అందరి నమ్మకం. లెక్క తిరగేసి ఉంటుంది. గర్భంలో అదనపు అవసరం రోజుకు 350 కేలరీలైతే, పాలిచ్చే మొదటి ఆరు నెలల్లో అది 600. సరిగ్గా అప్పుడే మన దగ్గర పత్యం మొదలవుతుంది. నీళ్లు ఎక్కువ తాగకూడదు, కూరగాయలు వాతం, పప్పు బిడ్డకు పడదు, పెరుగు జలుబు. మిగిలేది తెల్లన్నం, వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి, పైన కాయం. పుట్టింటివారు ప్రేమతోనే పెడతారు, అందులో సందేహం లేదు. సాంప్రదాయమంతా ఇంతే అనడం కూడా న్యాయం కాదు. తీరం వెంట మత్స్యకార ఇళ్లలో బాలింతకు పాలసొర వండిపెట్టే అలవాటు ఉంది. మాంసకృత్తులకు అంతకంటే మంచి దారి ఏముంటుంది?

పత్యం తినే తల్లికీ పాలు పడతాయి. బలహీనమైన తల్లుల్లో కూడా పాల పరిమాణం, అందులోని చక్కెర, మాంసకృత్తులు పెద్దగా తగ్గవు. సున్నం, అంటే కాల్షియం, తగ్గితే తల్లి ఒళ్లు ఎముకల నుంచి తీసి ఇస్తుంది. అడవిలో బతికే ఒరాంగుటాన్ అనే వానరాలు ఈ ఓర్పును చివరి దాకా తీసుకెళ్తాయి. బోర్నియోలో పళ్లు ఎప్పుడు విరగకాస్తాయో, ఎప్పుడు ఉండవో చెప్పలేం. పళ్లు కరువైనప్పుడు ఒరాంగుటాన్ల మూత్రంలో కీటోన్లు కనిపిస్తాయి, అంటే ఒంట్లోని కొవ్వు కరిగించుకుని బతుకుతున్నాయి. పాలతో పాటు చేరే బేరియం అనే లోహం పిల్ల పంటి పొరల్లో రోజుకో గీతగా మిగిలిపోతుంది. 2017లో ఆ గీతలు చదివినవారికి ఎనిమిదేళ్లు దాటిన పిల్లల్లో కూడా బేరియం పెరుగుతూ తగ్గుతూ కనిపించింది. అడవిలో తిండి తగ్గిన కాలంలో పిల్ల మళ్లీ తల్లి పాల మీద ఆధారపడిందన్నమాట.

ఇంత ఓర్పున్న తల్లి కూడా కొన్నిటిని దాచి ఇవ్వలేదు. బి1, బి12, ఎ విటమిన్లు, అయోడిన్, కొవ్వు ఆమ్లాల రకం, ఇవన్నీ తల్లి తింటేనే పాలలోకి వస్తాయి. ఈ జాబితాలో బి1, అంటే థయామిన్, దాని లోటు మన తీరానికి పాత శత్రువు. తవుడంతా పోయేలా మరపట్టిన పచ్చి బియ్యంలో థయామిన్ దాదాపు ఉండదు. ఉప్పుడు బియ్యంలో ఉడికేటప్పుడు తవుడు పొర నుంచి గింజలోకి చేరి కొంత నిలుస్తుంది. బియ్యం మిల్లులు వచ్చాక ఉత్తర సర్కారు జిల్లాల్లో ఈ లోటు వల్ల వచ్చే బెరిబెరి వ్యాధి పాతుకుపోయింది. ఆనాడు కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనాశాల, ఇప్పటి హైదరాబాదు సంస్థకు మాతృక, దాన్ని అధ్యయనం చేసింది. పసిపిల్లల బెరిబెరి చాలా మోసకారి. రెండు మూడు నెలల బిడ్డ, తల్లి పాలే తాగుతున్న బిడ్డ, బొద్దుగానే ఉంటుంది. ఒకరోజు పాలు మానేస్తుంది, ఏడుపు బొంగురుపోతుంది, ఆయాసం మొదలై గంటల్లో గుండె ఆగిపోవచ్చు. థయామిన్ సూది పడితే అదే బిడ్డ గంటల్లో తేరుకుంటుంది. ఇది పాత పుస్తకాల జబ్బు అనుకోవడానికి లేదు. కర్ణాటకలో ఇటీవలి కాలంలోనూ తెల్లన్నం, కఠిన పత్యం మీద ఉన్న బాలింతల పసిపిల్లల్లో వైద్యులు దీన్ని గుర్తించి నయం చేశారు.

సన్నబియ్యం మీద మోజున్న నెల్లూరు వాడిగా ఈ మాట అనడం నాకూ రుచించదు గానీ, బాలింత పళ్లెంలో ఉండాల్సింది పప్పు, వేరుశెనగ, గుడ్డు, చేప, పెరుగు, ఆకుకూర. నీళ్లు అడిగినప్పుడల్లా ఇవ్వాలి. కాయం కావాలంటే దానికి తోడుగా పెట్టుకోవచ్చు.

చిన్న బిడ్డ, ఎక్కువ కొవ్వు

భారతీయ బిడ్డ గురించి మరో చిక్కు ఉంది. పుణెలో డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్ బృందం 1990లలో ఆరు పల్లెల గర్భిణులను వెంబడించి, వారి బిడ్డలను ఇంగ్లండులోని సౌతాంప్టన్ బిడ్డలతో పోల్చింది. మన బిడ్డల సగటు 2.7 కిలోలు, అక్కడివారిది 3.5 కిలోలు. కండ తక్కువ, పొట్ట చుట్టుకొలత తక్కువ, కానీ భుజం రెక్క కింద చర్మాన్ని పట్టి కొలిస్తే కొవ్వు మాత్రం వారికంటే కొంచెమే తక్కువ. ప్రైమేట్లలో మనిషి బిడ్డ ఎలాగూ కొవ్వుతో పుట్టేదే. రీసస్ పిల్ల ఒంట్లో మూడు నాలుగు శాతం ఉంటే మన పిల్లల్లో పన్నెండు, పదిహేను శాతం ఉంటుంది. ఎదిగే మెదడుకు అది నిల్వ. సరుకు తక్కువైనప్పుడు ఆ నిల్వను కాపాడి కండను వదులుకోవడం మన బిడ్డల ఎంపికలా కనిపిస్తుంది. కండ తక్కువ ఉన్నవాడికి పెద్దయ్యాక రక్తంలో చక్కెరను ఖర్చు చేసే చోటూ తక్కువే.

ఆ పల్లెల్లో బిడ్డ బరువుతో ముడిపడింది తల్లి తిన్న మొత్తం కేలరీలు కాదు. ఆకుకూరలు, పళ్లు, పాలు ఎక్కువసార్లు తిన్న తల్లుల బిడ్డలు పెద్దగా పుట్టారు. ఆ పిల్లలకు ఆరేళ్లు వచ్చాక మరో సంగతి తేలింది. గర్భంలో ఫోలేటు, అంటే మాత్రల్లో ఫోలిక్ ఆమ్లంగా ఇచ్చే విటమిన్, ఎక్కువగా ఉండి బి12 తక్కువగా ఉన్న తల్లుల పిల్లల్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం అందరికంటే ఎక్కువగా ఉంది. గర్భిణికిచ్చే ఎర్రటి మాత్రలో ఇనుము, ఫోలిక్ ఆమ్లం ఉంటాయి, బి12 ఉండదు. మాత్ర మానమని దీని అర్థం కాదు. రాష్ట్రంలో సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉన్నప్పుడు అది తప్పనిసరి. దానికి తోడు పెరుగో, గుడ్డో, చేపముక్కో పళ్లెంలో పడాలని అర్థం. బి12 దొరికేది జంతు సంబంధమైన తిండిలోనే.

తిండి ఇస్తే మారుతుందా అన్నదానికి తెలుగునేల మీదే ఒక జవాబు ఉంది. 1987 నుంచి 1990 వరకు హైదరాబాదు దగ్గరి 29 పల్లెల్లో, 15 ఊళ్లలో మొక్కజొన్న, సోయా పిండి ఉప్మా పంచారు, 14 ఊళ్లలో పంచలేదు. గర్భిణికి రోజుకు సుమారు 500 కేలరీలు, 20 గ్రాములకు పైగా మాంసకృత్తులు. పిల్లలకు కూడా ఆరేళ్ల దాకా సుమారు 300 కేలరీలు. పదిహేనేళ్ల తర్వాత వెళ్లి చూస్తే ఉప్మా ఊళ్ల పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు పొడుగు. ఇది విని చాలామంది పెదవి విరుస్తారు. ఒకటిన్నర సెంటీమీటరు కోసమా ఇంత శ్రమ? ఆ పిల్లల్లో ఇన్సులిన్ మెరుగ్గా పనిచేస్తోంది, రక్తనాళాల బిగుతు తక్కువగా ఉంది. పొడుగు కంటే ఆ రెండూ విలువైనవి, అవి టేపుకు దొరకవు. అయితే తల్లికి పెట్టిన ఉప్మా ఎంత, పిల్లకు పెట్టినది ఎంత అన్న ముడి ఇక్కడా విడిపోలేదు.

చెరువు ఎప్పుడు నిండాలి

కాలిఫోర్నియాలో కేటీ హిండ్ అనే శాస్త్రవేత్త రీసస్ కోతుల పాలను ఏళ్ల తరబడి సేకరించి కొలిచింది. మొదటి కాన్పు తల్లుల పాలు, అనుభవమున్న తల్లుల కంటే తక్కువ. ఈడుకొచ్చి ఎంతో కాలం కాని తల్లి, తన ఎదుగుదల పూర్తికాకుండానే పిల్లను పెంచాల్సి వస్తుంది. రెండు ఎదుగుదలలు ఒకే పళ్లెంలో పంచుకుంటాయి. బోనులో కడుపునిండా తిండి దొరికే కోతుల్లోనే ఈ తేడా ఉంది.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల మహిళల్లో దాదాపు 29 శాతం మందికి పద్దెనిమిది నిండకముందే పెళ్లయింది. మన లెక్కలన్నీ మాత్రం గర్భం నమోదైన రోజు నుంచి మొదలవుతాయి. గుడ్డు, పాలు, భోజనం, ఎర్ర మాత్ర, తూకం, అన్నీ అప్పటి నుంచే. అప్పటికి పిండం మూత్రపిండానికి, మెదడుకు పునాది పడటం మొదలై కొన్ని వారాలు గడిచిపోయి ఉంటాయి. తల్లి ఒంటి నిల్వ ఎంత ఉండాలో అంతకు చాలా ముందే తేలిపోయి ఉంటుంది. కిశోర బాలికలకు వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఇనుము మాత్ర బడిలో, బడి మానేసినవారికి అంగన్‌వాడీలో అందాలి. గుడ్డూ పాలూ కూడా ఆ వయసు నుంచే, పెళ్లితోనూ గర్భంతోనూ సంబంధం లేకుండా, ఆ అమ్మాయి పేరు మీద ఇవ్వడం మొదలుపెట్టాలని నా వాదన. కోడలికి ఇంటికిచ్చే పొట్లం అందరూ పంచుకుంటారు. బడిలో వేడిగా వడ్డించిన గుడ్డు మాత్రం ఎవరి పళ్లెంలో వేస్తే వారే తింటారు.